నీళ్ళు తాగే బండ్లు

భద్రాచలం అడవి రోడ్డు మీద లారీలు నడిపినవాళ్ళకు ఒకప్పుడు డీజిల్ గురించి పెద్ద బెంగ ఉండేది కాదు. ఖమ్మంలోనో కొత్తగూడెంలోనో ట్యాంకు నింపుకుని బయల్దేరితే చింతూరు దాటి చాలా దూరం పోవచ్చు. బెంగంతా నీళ్ళ గురించే. మనుషులు తాగే నీళ్ళు కాదు, బండి తాగే నీళ్ళు. క్యాబిన్ వెనక కొక్కేనికి నీళ్ళ డబ్బా వేలాడకుండా ఆ రోడ్డెక్కిన లారీని నా చిన్నతనంలో నేను చూడలేదు. వాగు కనిపిస్తే చాలు, బండి పూర్తిగా ఆగకముందే క్లీనరు డబ్బా పట్టుకుని దూకేవాడు.

మా మేనమామకు కొత్తగూడెంలో, పాల్వంచ వైపు పోయే రోడ్డు పక్కన, లారీల రిపేరు షెడ్డు ఉండేది. డెబ్బైల చివర్లో బడి సెలవులన్నీ నాకు అక్కడే గడిచాయి. చదువు ముగిశాక కొన్నేళ్ళు ఆయన దగ్గరే పనిచేశాను. క్లచ్చు, గేరుబాక్సు, బ్రేకులు అన్నీ చూసేవాడు గానీ, ఆయన పేరు పది ఊళ్ళకు పాకింది మాత్రం ఒక్క పనితోనే. ఇంజన్లో నీళ్ళు ఎక్కడ పోతున్నాయో ఎవరికీ అంతుపట్టనప్పుడు డ్రైవర్లు ఆయన్ని వెతుక్కుంటూ వచ్చేవాళ్ళు. ఆ పనిని, ఆ పని పుట్టిన రోడ్డును విడివిడిగా చెప్పడం నాకు చేతకాదు. లారీ దాహం వల్లే ఆ అడవిలో లారీలు ఆగేవి. ఆగినందువల్లే ఆ పల్లెలు మాకు తెలిశాయి.

ఖమ్మం నుంచి వైరా, తల్లాడ, ఏన్కూరు, జూలూరుపాడు మీదుగా కొత్తగూడెం వరకూ ఊళ్ళు, పొలాలు, బావులు తగులుతూనే ఉంటాయి. పాల్వంచ దాటాక అడవి మొదలవుతుంది. సారపాక దగ్గర గోదావరి వంతెన ఎక్కితే అవతల భద్రాచలం. ఆ వంతెన 1965లో తెరిచారు. అంతకుముందు నది దాటాలంటే పడవలే దిక్కు. భద్రాచలం నుంచి ఎటపాక, నెల్లిపాక మీదుగా పోతే చట్టి దగ్గర దారి చీలుతుంది. ఒకటి కుంట మీదుగా బస్తర్‌లోకి, జగదల్‌పూర్‌కు. ఇంకొకటి చింతూరు దాటి మారేడుమిల్లి ఘాట్ ఎక్కి, రంపచోడవరం దిగి, రాజమండ్రి చేరుతుంది. మొదటి దారిని కొన్నాళ్ళు 221వ నంబరు జాతీయ రహదారి అన్నారు. ఇప్పుడది 30వ నంబరు.

ఈ దారిలో ఏం పోయేవి అంటే, ఏది పోలేదు అని అడగాలి. ఇక్కడినుంచి ఉప్పు, బియ్యం, సిమెంటు. బస్తర్ నుంచి చింతపండు. ఎండాకాలం వస్తే తునికాకు బస్తాలు, అటవీ శాఖ వేలం వేసిన కూపుల నుంచి కలప దుంగలు. సారపాకలో పేపరు మిల్లు 1979లో మొదలయ్యాక వెదురు లారీలు వరస కట్టాయి. వెదురు బరువు తక్కువ అనుకుంటారు గానీ, క్యాబిన్ మీదికి వచ్చేలా పేర్చిన పచ్చి వెదురుతో, మట్టి కూపు రోడ్డు మీద, ఫస్టు గేరులో గంటల తరబడి పాకించుకొస్తే తెలుస్తుంది ఇంజనుకు ఎంత కష్టమో.

కష్టం ఏమిటంటే, డీజిల్ కాలగా పుట్టే వేడిలో సుమారు మూడో వంతే చక్రాలను తిప్పుతుంది. దాదాపు అంతే వేడి పొగతో పోతుంది. మిగిలినదాంట్లో ఎక్కువ భాగాన్ని నీళ్ళు మోసుకెళ్ళి రేడియేటర్‌లో గాలికి వదలాలి. చదును రోడ్డు మీద బండి వేగానికి ఎదురుగాలి తగిలి రేడియేటర్ చల్లబడుతుంది. ఘాట్ ఎక్కేటప్పుడు ఇంజను పూర్తి బలంతో తిరుగుతుంది, బండి మాత్రం మనిషి నడిచినట్టు కదులుతుంది. గాలి వెనకనుంచి వీస్తే మరీ కష్టం. అప్పుడు ఒక్క డబ్బా నీళ్ళు తక్కువైనా హెడ్డు వంగుతుంది, గ్యాస్కెట్ కాలుతుంది, ఇంకా లాగితే పిస్టన్ పట్టేసి ఇంజను ఆగిపోతుంది. అడవి మధ్యలో ఆగిపోయిన లారీ కోసం ఎవరూ పరుగెత్తుకు రారు.

అందుకే ప్రతి డ్రైవరుకూ తన దారిలో నీళ్ళ చోట్లు కంఠస్థం. ఏ వాగు ఉగాదికే ఎండిపోతుంది, ఏ చెలమలో మే నెలలో కూడా నీళ్ళు ఊరుతాయి, ఏ గుడిసెల దగ్గర అడిగితే ఇస్తారు అన్నీ తెలిసుండాలి. చట్టి అవతల కోయ గూడేల్లో లారీ ఆగితే పిల్లలు ముందు వచ్చేవాళ్ళు, వెనక ఆడవాళ్ళు ఎండిన సొరకాయ బుర్రల్లో నీళ్ళు తెచ్చేవాళ్ళు. ఆ బుర్రలో నీళ్ళు మాకు తాగడానికి. బండికి మాత్రం వాగు చూపించేవాళ్ళు. డబ్బులు పుచ్చుకోవడం నేను చూడలేదు. డ్రైవర్లు అగ్గిపెట్టెలు, ఉప్పు ఇచ్చేవాళ్ళు. సంత రోజున బుట్టలతో, కోళ్ళతో రోడ్డు మీద నిలబడ్డవాళ్ళను ఎక్కించుకునేవాళ్ళు. చాలామంది డ్రైవర్లకు కోయ మాటలు ఓ గుప్పెడు వచ్చు. నీళ్ళు, దారి, జ్వరం, మంట, ఎంత దూరం. అవసరానికి నేర్చుకున్న మాటలే అయినా, వాటితో పలకరింపులు, పెళ్ళి కబుర్లు, చావు కబుర్లు కూడా నడిచాయి.

నీళ్ళన్నీ ఒకటి కావని మామయ్య పదేపదే చెప్పేవాడు. బోరు నీళ్ళలో సున్నం ఉంటుంది. వేడెక్కితే అది ట్యూబుల లోపల పేరుకుని గట్టిపడుతుంది. వాగు నీళ్ళు మంచివి, కానీ బట్టలో వడపోయాలి, లేకపోతే ఆకూ ఇసుకా లోపలికి పోతాయి. వాన నీళ్ళు అన్నిటికంటే మేలు. కాస్త జాగ్రత్త ఉన్న ఓనర్లు నీళ్ళలో సాల్యుబుల్ ఆయిల్ కలిపించేవాళ్ళు. పాలలా తెల్లగా మారే ఆ నీళ్ళు తుప్పు పట్టనివ్వవు, పంపుకు మెత్తదనం ఇస్తాయి. క్లీనర్ కుర్రాళ్ళకు ఆయన చెప్పే పాఠాలు ఇంకా రెండు ఉన్నాయి. కాగిన రేడియేటర్ మూత తడి గోనెసంచి కప్పకుండా ముట్టుకోవద్దు. ఇంజను కాగి ఉండగా చల్లటి నీళ్ళు గుమ్మరించవద్దు, హెడ్డు పగులుతుంది. మొదటిది మరచినవాళ్ళ మొహాల మీద, మెడల మీద మచ్చలు ఆ రోజుల్లో లారీ స్టాండులో కనిపిస్తూనే ఉండేవి.

ఇక పసుపు సంగతి. రేడియేటర్‌లో సన్నటి చిల్లు పడి, దగ్గర్లో మెకానిక్ లేకపోతే డ్రైవర్లు గుప్పెడు పసుపు పోసేవాళ్ళు. నీళ్ళతో పాటు తిరిగే పసుపు చిల్లు దగ్గర చేరి, ఉబ్బి, దాన్ని మూసేస్తుంది. బండి ఇల్లు చేరుతుంది. అంతవరకు మంచిదే. కానీ చిల్లును మూసిన పసుపు మంచి ట్యూబులను కూడా మూస్తుంది. ఊరు చేరాక రేడియేటర్ కడిగించాలని అనుకున్న డ్రైవరు లోడు దొరగ్గానే మరచిపోతాడు. మామయ్య మూత తీసి వాసన చూడగానే, "పోపు బాగానే పెట్టినవ్" అనేవాడు. చాకలి సోడా కలిపిన వేడి నీళ్ళతో రెండు మూడు సార్లు కడిగిస్తే తప్ప అది వదిలేది కాదు. ట్యూబు పగిలితే కటింగ్ ప్లయర్‌తో ఆ ట్యూబును తెంపి, రెండు కొసలూ నొక్కి మడిచేయడం మరో దారి. హోస్ పైపు చీలితే సైకిల్ ట్యూబు బిగించి చుట్టడం. ఇవన్నీ దారి కోసం చేసే పనులు. షెడ్డులో చేసే పని వేరు.

షెడ్డుకు వచ్చిన బండిని ఆయన వెంటనే ముట్టుకునేవాడు కాదు. ముందు డ్రైవరును కూర్చోబెట్టి టీ తెప్పించేవాడు. బండి ఎక్కడ తాగుతుంది, ఎప్పుడు తాగుతుంది, ఆగి ఉన్నప్పుడా నడిచేటప్పుడా అని అడిగేవాడు. చాలామంది మెకానిక్‌లు పానా పట్టుకుని మొదలుపెడతారు, ఆయన మాటలతో మొదలుపెట్టేవాడు. నేను చూసినంతలో ఆయన పనితనంలో సగం ఆ ప్రశ్నల్లోనే ఉంది.

రాత్రంతా ఆగి ఉంటే తెల్లారేసరికి నీళ్ళు తగ్గుతున్నాయంటే అది చల్లటి లీకు. ఇంజను చల్లారితే ఇనుము, రబ్బరు కుంచించుకుపోతాయి, హోస్ క్లిప్పు దగ్గర సందు పడుతుంది. బండి వేడెక్కగానే ఆ సందు మూసుకుపోతుంది. పగలు ఎంత వెతికినా కనబడదు. దానికి మామయ్య సాయంత్రమే బండి కింద పాత దినపత్రికలు పరిచేవాడు. పొద్దున్నే ఏ కాగితం తడిసిందో చూసి, ఆ చుక్కకు నేరుగా పైకి చూసేవాడు. అక్కడితో ఆగేవాడు కాదు. నీళ్ళు పుట్టిన చోట పడవు, బ్లాకు అంచు పట్టుకుని జారి, ఎక్కడో బోల్టు తల దగ్గర చుక్కవుతాయి. తడిని కిందినుంచి పైకి, పైకి వేలితో తడుముకుంటూ పోయి, ఎక్కడ పొడి మొదలైతే అక్కడ ఆగాలి.

వేడి మీద, బరువు మీద మాత్రమే కారే లీకు ఇంకా కష్టం. మూతలో ఉండే స్ప్రింగు లోపల ఒత్తిడిని పట్టి ఉంచుతుంది, అందుకే నీళ్ళు 100 డిగ్రీలు దాటినా మరగవు. ఆ ఒత్తిడికి తెరుచుకునే సన్నటి పగులు, బండి ఆగి చల్లారేసరికి మూసుకుంటుంది. కారిన నీళ్ళు వేడి ఇనుము మీదే ఆవిరైపోతాయి, నేల మీద చుక్క పడదు. మిగిలేది ఎండిపోయిన ఉప్పుమడిలో కనిపించేలాంటి తెల్లటి పొర. సున్నం మరక. హెడ్డుకూ బ్లాకుకూ మధ్య, బ్లాకు రంధ్రాలను మూసే వాటర్ డమ్మీల చుట్టూ, థర్మోస్టాట్ మూత కింద మామయ్య టార్చిలైటు పట్టుకుని వెతికేది ఆ తెల్లటి గీత కోసమే. బోరు నీళ్ళను తిట్టే మనిషి, లీకు వెతికేటప్పుడు మాత్రం ఆ సున్నానికి దణ్ణం పెట్టేవాడు. వాటర్ పంపు కింద ఒక చిన్న రంధ్రం ఉంటుంది. లోపలి సీలు పోతే నీళ్ళు బేరింగులోకి పోకుండా ఆ రంధ్రం గుండా బయటికి రావాలని కంపెనీవాళ్ళే పెట్టారు. అక్కడ మరక ఉంటే పంపు పని అయిపోయిందని అర్థం. తెలియనివాళ్ళు ఆ రంధ్రాన్ని ఎం-సీల్‌తో పూడ్చేసేవాళ్ళు. వారం తిరక్కుండా బేరింగు అరిగి, ఫ్యాను వెళ్ళి రేడియేటర్‌ను కోసేది.

బయట ఎక్కడా మరక లేకపోతే నీళ్ళు లోపలికి పోతున్నట్టు. ఆయిల్లోకా, సిలిండర్లోకా? తెల్లవారుజామున, ఇంజను కదపకముందే, ఆయిల్ చాంబరు కింది బోల్టును రెండు చుట్లు వదులు చేయించేవాడు. నీళ్ళు ఆయిల్ కంటే బరువు, రాత్రంతా నిలబడ్డ బండిలో అవి అడుక్కి చేరుతాయి. ముందు నీళ్ళ చుక్కలు వచ్చి తర్వాత ఆయిల్ వస్తే లైనరు కింది రబ్బరు రింగులనో, ఆయిల్ కూలర్‌నో, పగిలిన హెడ్డునో అనుమానించాలి. సిలిండర్లోకి పోతోందనుకుంటే ఫ్యాన్ బెల్టు తీసేసి, రేడియేటర్ గొంతు దాకా నీళ్ళు నింపి, మూత లేకుండా ఇంజను తిప్పేవాడు. నీళ్ళు కదలకుండా నిలబడి ఉంటాయి, కాబట్టి లోపల కాలిన గాలి ఏ కాస్త చొరబడినా బుడగలై పైకి వస్తుంది. బుడగలు వస్తే గ్యాస్కెట్. హెడ్డు విప్పాక ఏ సిలిండర్‌దో చెప్పడం తేలిక. మిగతా పిస్టన్ల తలల మీద నల్లటి మసి ఉంటుంది. నీళ్ళు చేరిన పిస్టన్ తల ఆవిరికి కడుక్కుపోయి తళతళలాడుతుంది.

రేడియేటర్ పని మా షెడ్డులో చేసేవాళ్ళం కాదు. దానికి రెండు దుకాణాల అవతల ఒక ముసలి సాయబు ఉండేవాడు, అందరం చాచా అనేవాళ్ళం. రేడియేటర్ నోళ్ళన్నీ మూసి, సిమెంటు తొట్టిలో ముంచి, పంపుతో గాలి కొట్టేవాడు. బుడగ లేచిన చోట సుద్దముక్కతో గీత. తర్వాత జింకు ముక్కలు వేసి చంపిన యాసిడ్ పూసి, కొలిమిలో కాల్చిన రాగి కడ్డీని నవాసారం మీద రుద్ది, మాటు వేసేవాడు. ఇత్తడి ట్యాంకులు, రాగి కోరు ఉన్న ఆ పాత రేడియేటర్లు మాటు మీద మాటుతో ఇరవయ్యేళ్ళు బతికేవి. చాచా తన మాటును ఎన్నేళ్ళ తర్వాతైనా గుర్తుపట్టేవాడు, వేరే వాళ్ళ మాటును కూడా. "ఇది బెజవాడ పని" అనేవాడు. మాకు పెద్ద సామాను కావాల్సి వచ్చినా విజయవాడ ఆటోనగరే గతి. రాత్రి బస్సు డ్రైవరు చేతికి పాత ముక్క ఇచ్చి పంపితే, మర్నాడు రాత్రికి కొత్తది వచ్చేది.

1986 ఆగస్టులో గోదావరికి వచ్చిన వరద ఆ ప్రాంతం వాళ్ళెవరూ మరచిపోలేరు. భద్రాచలం దగ్గర 43 అడుగులకు మొదటి హెచ్చరిక ఇస్తారు, 53కు చివరిది. ఆ నెల 16న నది 75.6 అడుగులు ఎక్కింది. నాకు తెలిసి ఇప్పటికీ అదే రికార్డు. బూర్గంపాడు వైపంతా నీళ్ళు. అటు పోవాల్సిన లారీలన్నీ పాల్వంచలో, కొత్తగూడెంలో రోడ్ల పక్కన బరకాలు కప్పుకుని నిలబడ్డాయి. వాటిలో జగదల్‌పూర్‌కు ఉప్పు తీసుకుపోతున్న లారీ ఒకటి మా షెడ్డుకు వచ్చింది. డ్రైవరుకు ఎలాగూ పోయే దారి లేదు. పండక్కి కూడా ఆగని బండి వరదకు ఆగింది, ఇప్పుడన్నా చూడు మేస్త్రీ అన్నాడు.

"నీళ్ళు తాగుతాంది మేస్త్రీ. చుక్క కింద పడ్తలేదు. హెడ్ గ్యాస్కెట్ రెండు మాట్లు మార్పిచ్చిన. పోయిన్నెల హెడ్డు ఫేసింగ్ కూడా కొట్టిచ్చిన. మళ్ళ అదే కత."

మామయ్య అలవాటు ప్రకారం టీ తెప్పించాడు. ఆయిల్ చూశాడు, శుభ్రంగా ఉంది. ఫ్యాన్ బెల్టు తీసి ఇంజను తిప్పితే రేడియేటర్ గొంతులో బుడగలు లేచాయి. అక్కడున్న వాళ్ళందరం గ్యాస్కెటే అన్నాం. రెండు మాట్లు మార్చినవాళ్ళు కూడా ఈ బుడగలు చూసే మార్చి ఉంటారు. ఆయన మాత్రం డ్రైవరు వైపు తిరిగాడు.

"ఘాట్ ఎక్కేటప్పుడు ఎక్కువ తాగుతదా, దిగేటప్పుడా?"

డ్రైవరు కాసేపు ఆలోచించాడు. "దిగేటప్పుడే మేస్త్రీ. ఎక్కేటప్పుడు అంత లేదు. అదే నాకూ సమజైతలేదు."

అది ఉండకూడని జవాబు. గ్యాస్కెట్ పోతే ఎక్కేటప్పుడు, ఇంజను మీద బరువు పడ్డప్పుడు, కాలిన గాలి నీళ్ళలోకి ఎక్కువ తోసుకురావాలి. దిగేటప్పుడు ఇంజనుకు బరువేముంది? మామయ్య స్టూలు తెప్పించుకుని రేడియేటర్ దగ్గర కూర్చున్నాడు. ఇంజను తిరుగుతూనే ఉంది, వాన పడుతూనే ఉంది. ఆయన ఒక చేత్తో బీడీ పట్టుకుని బుడగలనే చూస్తున్నాడు. కొంతసేపటికి బ్రేకుల గాలి ట్యాంకు నిండి, చాసిస్ పక్కనున్న అన్‌లోడర్ వాల్వు బుస్సుమంది. బుడగలు ఆగాయి.

ఆయన ఏమీ అనలేదు. నన్ను క్యాబిన్‌లోకి ఎక్కించి, బ్రేకు గబగబా తొక్కమన్నాడు. ట్యాంకులో గాలి తగ్గింది, వాల్వు మూసుకుంది, కంప్రెసరు మళ్ళీ గాలి కొట్టడం మొదలుపెట్టింది. రేడియేటర్‌లో బుడగలు మళ్ళీ లేచాయి. ట్యాంకు నిండింది, బుస్సుమంది, ఆగాయి. మళ్ళీ తొక్కమన్నాడు. మళ్ళీ లేచాయి.

ఎయిర్ బ్రేకుల కంప్రెసరు కూడా వేడెక్కుతుంది. ఆ బండిలో దాని హెడ్డుకు ఇంజను నీళ్ళే రెండు సన్నటి పైపుల్లో వచ్చిపోతాయి. దానిక్కూడా ఒక చిన్న గ్యాస్కెట్ ఉంటుంది. అది కాలితే, బ్రేకు ట్యాంకులోకి పోవాల్సిన గాలి నీళ్ళలోకి దూరుతుంది. ఆ గాలి రేడియేటర్‌లో చేరి ఒత్తిడి పెంచి, ఓవర్‌ఫ్లో పైపు గుండా నీళ్ళను బయటికి నెట్టేస్తుంది. నడిచే బండి నుంచి ఆ నీళ్ళు రోడ్డు మీద పడిపోతాయి, ఎవరికీ కనబడవు. ఘాట్ దిగేటప్పుడు బ్రేకులు ఎక్కువ తొక్కుతారు కనుక కంప్రెసరు ఎక్కువ పనిచేస్తుంది, బండి ఎక్కువ తాగుతుంది. ఆ బండి కంప్రెసరు గేరుతో తిరిగే రకం. అందుకే ఫ్యాన్ బెల్టు తీసినా అది ఆగలేదు, బుడగలూ ఆగలేదు. ఆ రెండు పైపులూ విప్పి, నోళ్ళు బిగించి, ఇంజను కాసేపు తిప్పి చూశాం. ఎంత బ్రేకు తొక్కినా నీళ్ళు నిశ్చలంగా ఉన్నాయి. కంప్రెసరు హెడ్డు విప్పితే వాల్వు పక్కన, గ్యాస్కెట్ మీద, గోరంత మేర కాలిపోయి ఉంది.

రెండు సార్లు ఇంజను విప్పించిన లోపం అంతే. కంప్రెసరు హెడ్డును అద్దం మీద ఎమరీ పేస్టుతో నున్నగా రుద్ది, విజయవాడ నుంచి కొత్త గ్యాస్కెట్ తెప్పించి వేశాడు. వరద తీసి రోడ్డు తెరిచాక ఆ లారీ పోయింది. తర్వాత అటునుంచి వచ్చిన ప్రతిసారీ ఆ డ్రైవరు మా ఇంటికి బస్తర్ చింతపండు తెచ్చి ఇచ్చేవాడు.

ఆ పూట నాకు అబ్బురంగా తోచింది లోపాన్ని కనిపెట్టడం ఒక్కటే కాదు. అందరూ చూసిన బుడగలనే ఆయనా చూశాడు. కానీ అవి ఎప్పుడు ఆగుతాయో చూడటానికి కూర్చున్నాడు. తొందరలో ఉన్న రోజుల్లో ఆ పని చేయడానికి ఆయనకైనా అంత సమయం దొరికేదో లేదో. డ్రైవరు మాటను కూడా ఆయన కొట్టిపారేయలేదు. ఇంజను గురించి చదువుకోని మనిషి, తన బండి గురించి చెప్పిన మాట ఆయనకు ఏ మీటరు చూపే అంకె కన్నా ఎక్కువే.

థర్మోస్టాట్ విషయంలో ఆయనకు ఊళ్ళో సగం మంది మెకానిక్‌లతో గొడవ. బండి కాగితే ముందు థర్మోస్టాట్ పీకేసి పారేయడం అందరికీ అలవాటు. ఈ ఎండల దేశంలో అదెందుకు అనేవాళ్ళు. కానీ అది లేక ఇంజను తగినంత వేడెక్కకపోతే డీజిల్ సరిగ్గా కాలదు, ఆయిల్ పలుచన కాదు, సిలిండర్ త్వరగా అరుగుతుంది. మామయ్య దాన్ని గిన్నెలో వేడి నీళ్ళలో వేసి, తెరుచుకుంటుందో లేదో డ్రైవరుకే చూపించి, మళ్ళీ బిగించేవాడు. ఆయన మాటే నిజమని ఇప్పటి ఇంజన్లు చూస్తే అనిపిస్తుంది. థర్మోస్టాట్ లేకుండా అవి సక్రమంగా నడవవు.

క్రమంగా ఆ దారి మారిపోయింది. 1980లో అడవుల సంరక్షణ చట్టం వచ్చాక కూపులు ఒక్కొక్కటిగా తగ్గాయి. తర్వాత రాత్రిళ్ళు చట్టి దాటడానికి డ్రైవర్లు జంకే రోజులు వచ్చాయి. పేపరు మిల్లు వెదురు నుంచి రైతులు పెంచే సుబాబుల్, జామాయిల్ వైపు మళ్ళింది. ఆ లోడ్లు మైదానపు రోడ్ల మీదే తిరుగుతాయి. 2014లో చింతూరు, కూనవరం ఆంధ్రప్రదేశ్‌లోకి పోయాయి. 2016లో భద్రాద్రి కొత్తగూడెం పేరుతో వేరే జిల్లా వచ్చింది. ఆ పాత ఖమ్మం జిల్లా లారీ దారి ఇప్పుడు రెండు రాష్ట్రాల్లో ముక్కలై ఉంది.

బండి కూడా మారింది. నీళ్ళ చోట రంగు కూలెంట్ వచ్చింది. సగం నీళ్ళు, సగం గ్లైకాల్. అది త్వరగా మరగదు, తుప్పు పట్టనివ్వదు, సున్నం వేయదు. మూసిన వ్యవస్థ కాబట్టి నెలల తరబడి మూత తీయనక్కర్లేదు. ఇది మంచి మార్పు. క్లీనర్ కుర్రాళ్ళ మొహాలు కాలడం తగ్గింది, ఇంజన్లు లక్షల కిలోమీటర్లు తిరుగుతున్నాయి. నేను దాన్ని తప్పు పట్టను. కానీ లారీ ఇక వాగు దగ్గర ఆగదు. సొరకాయ బుర్రతో ఎదురొచ్చే మనిషి పేరు ఇప్పటి డ్రైవరుకు తెలియదు, తెలియాల్సిన అవసరమూ లేదు. క్లీనరు అనే మనిషే చాలా బండ్లలో లేడు. అడవి పల్లెకూ లారీకీ మధ్య ఉన్న ఆ పలకరింపు, ఎవరూ వద్దనకుండానే, ఎవరూ గమనించకుండానే పోయింది. నాకు బాధ కలిగించేది అదే.

ఇప్పుడు రేడియేటర్ కోరు అల్యూమినియం, ట్యాంకులు ప్లాస్టిక్. మాటు పట్టదు. పగిలితే తీసి కొత్తది పెట్టడమే. చాచా తొట్టి ఉన్న చోట ఇప్పుడు సెల్‌ఫోన్ల దుకాణం ఉంది. పాల్వంచ రోడ్డుకు గుర్తుగా నిలబడ్డ థర్మల్ స్టేషన్ కూలింగ్ టవర్లు కూడా పోయాయి. 1966 నుంచి నడిచిన ఆ పాత స్టేషన్‌కు కిన్నెరసాని నీళ్ళే ఆధారం. లారీ రేడియేటర్ చేసే పనినే ఆ ఎనిమిది టవర్లు 720 మెగావాట్లకు చేసేవి. 2024 ఆగస్టులో వాటిని ఒక్క పూటలో కూల్చేశారు. దూరం నుంచి వాటి ఆవిరి కనిపిస్తే, కొత్తగూడెం వచ్చేశాం, బండి తట్టుకుంది అని డ్రైవర్లు ఊపిరి పీల్చుకునేవాళ్ళు.

ఈ మధ్య ఆ దారిలో పోతూ ఒక కొత్త షెడ్డు దగ్గర ఆగాను. మణుగూరు వైపు నుంచి వచ్చిన టిప్పరు నిలబడి ఉంది. కూలెంట్ తగ్గిందని డ్యాష్‌బోర్డు మీద దీపం వెలిగి, బండి తనంతట తానే బలం తగ్గించేసుకుందట. పాతికేళ్ళ కుర్రాడు స్కానర్ పెట్టి చూశాడు. కూలెంట్ తక్కువ అని తప్ప అది ఏమీ చెప్పలేదు. చేతి పంపుతో లోపల ఒత్తిడి పెట్టాడు. ముల్లు మెల్లగా పడిపోతోంది, బయట ఎక్కడా తడి లేదు. నాకు ఆ పాత బండి గుర్తొచ్చి, కంప్రెసరు చూశావా తమ్ముడూ అన్నాను.

"చూసిన అన్నా, అది కాదు. ఇండ్ల ఈజీఆర్ కూలర్ ఉంటది" అన్నాడు.

నా రోజుల్లో అది లేదు. పొగలో కొంత భాగాన్ని చల్లబరిచి మళ్ళీ ఇంజన్లోకి పంపడానికి కొన్ని కొత్త ఇంజన్లలో పెట్టారు. చల్లబరిచేది కూలెంటే. దాని లోపలి గొట్టం పగిలితే కూలెంట్ పొగలోకి పోతుంది, బయట చుక్క పడదు. కుర్రాడు పైపు విప్పి వేలు పెట్టి చూపించాడు. లోపలి మసి తడిగా, ముద్దగా ఉంది. కూలర్ ఊడదీసి, నోళ్ళు మూసి, ఒక ప్లాస్టిక్ టబ్బులో నీళ్ళు నింపి ముంచి, గాలి పెట్టాడు. అలా ముంచి చూడాలని ఎవరు చెప్పారని అడిగాను. ఎవరూ చెప్పలేదు, ఇంకెట్ల తెలుస్తది అన్నాడు. ఒక కొసన బుడగలు వరసగా లేచాయి. వాటిని ఫోన్లో వీడియో తీసి, ఓనరుకు పంపి, కొత్త కూలర్ ధర కనుక్కోవడానికి విజయవాడకు ఫోన్ కలిపాడు.